తిరిగి అడిగేదాకా

ఆ ద్వీపం ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే గంటన్నర. ఇంత చిన్న నేలకి మ్యూజియం ఎందుకని లాంచీ దిగినవాళ్ళంతా అడుగుతారు. అడిగిన నోటితోనే లోపలికి వచ్చి, రెండు గదులూ చూసి, వెళ్ళేటప్పుడు కొంచెం గొంతు తగ్గించి మాట్లాడతారు. రేవు పక్కన ఒకప్పుడు ఉప్పు నిల్వ చేసిన గిడ్డంగి అది. గోడలకి ఇప్పటికీ చెమ్మ పడుతుంది. మొదటిది ఊరి గది: పాత పడవల దీపాలు, చిల్లులు పడ్డ వలలు, మూతబడ్డ బడి గంట, గాలివానల్లో పోయినవాళ్ళ ఫోటోలు. రెండోది జీవాల గది: గడ్డి కూరి నిలబెట్టిన పక్షులు, తాబేలు డిప్పలు, దూదిలో పొదిగిన గుడ్లు, దూలానికి వేలాడదీసిన తిమింగలం పక్కటెముక. దాని కింద, గది మధ్యలో అడ్డంగా, రెండు వైపులా అద్దం తలుపులతో గవ్వల అల్మారా.

ఈ రెండు గదులకీ అధికారీ, ఊడ్చే మనిషీ, తాళం వేసే మనిషీ అంతా ఒక్కావిడే. ఊరంతా ఆవిడని చీటీలక్క అంటారు. కంటికి కనబడ్డ ప్రతిదానికీ చీటీ కట్టడమే ఆవిడ పని మరి. "అక్క ముందు కదలకుండా నిలబడకండర్రా, మనకీ ఒకటి కట్టేస్తుంది" అని లాంచీ నడిపే అతను వచ్చిన ప్రతి గుంపుకీ చెబుతాడు. ముప్పై ఏళ్ళుగా అదే జోకు. పాపం, ఆవిడా ముప్పై ఏళ్ళుగా నవ్వుతూనే ఉంది.

చీటీ మీద నాలుగు వరుసలు ఉంటాయి. పేరు. దొరికిన చోటు. తెచ్చినవారు. నాలుగో వరుసలో ఒకటే మాట: కానుక, లేదా అరువు. కానుక అంటే ఇచ్చేసినట్టే, ఇక అడగడానికి లేదు. అరువు అంటే, ఇచ్చినవాళ్ళు తిరిగి అడిగేదాకా ఇక్కడ ఉంటుంది. అడిగిన రోజున మారుమాట్లాడకుండా వాళ్ళ చేతిలో పెట్టాలి. చీటీని దారంతో కడతారు. పక్షులకైతే కుడి కాలికి. ఆ ముడి కూడా చీటీలక్క సొంతమే. రెండు చుట్లు తిప్పి, కొసని వెనక్కి దూర్చి లాగుతుంది. కత్తిరించాలే తప్ప విప్పడం ఎవరి తరమూ కాదు. ఆ ముడి ఆవిడ ఈ జన్మలో ఒక్కరికే నేర్పింది. చెల్లెలికి.

చెల్లెలిని అందరూ ఉల్లంకి అనేవారు. అల వెనక్కి వెళ్తుంటే సన్నటి కాళ్ళతో దాని వెంట పరిగెత్తి, అల తిరిగొస్తే తానూ వెనక్కి పరిగెత్తుకొచ్చే ఉల్లంకి పిట్ట లేదూ, మనిషి అచ్చం అలాగే ఉండేది. తల్లి పోయేనాటికి దానికి ఆరేళ్ళు, అక్కకి పదిహేడు. జడ వేసిందీ అక్కే, తినిపించిందీ అక్కే, వీపు విమానం మోత మోగించిందీ అక్కే. కాస్త పెద్దయ్యాక పని పంచుకున్నారు. ఉల్లంకి తీరమంతా తిరిగి తెచ్చేది, అక్క పుస్తకాలు తిరగేసి దానికో పేరు కనిపెట్టేది. తను తెచ్చిన గవ్వలకి మాత్రం చీటీ ఉల్లంకే రాసుకునేది, అదీ పెన్సిల్‌తో. "సిరా నీళ్ళకి పోతుందక్కా, పెన్సిల్ పోదు" అనేది. నాలుగో వరుసలో ఎప్పుడూ అరువు అనే రాసేది.

"నువ్వు తెచ్చి నువ్వే ఇస్తుంటే అది కానుక కాదుటే?"

"నాదైతేగా ఇవ్వడానికి? సముద్రానిది. రేపు తిరిగి అడిగిందనుకో, ఏం చెబుతావ్?"

"అరువు సొమ్ము బరువు చేటు అన్నారే పెద్దలు."

"అందుకే తేలికైనవి చూసి తెస్తున్నా" అని నవ్వేది ఉల్లంకి.

పదకొండేళ్ళ కిందటి మాట. పెద్ద గాలివాన వెలిసిన మర్నాడు పొద్దున్న అల్మారా తుడుస్తూ అక్క ఓ మాట అంది. అల్మారాలో నలభై మూడు గుంటలుంటే నలభై రెండు నిండాయి. ఒక్కటి ఖాళీ. అది ఊదా నత్తది. నడిసముద్రంలో నురుగు బుడగలకి వేలాడుతూ తేలే ప్రాణి అది. దాని గుల్ల ఉల్లిపొరంత పల్చన. పెద్ద గాలి కొడితే తప్ప ఒడ్డుకి రాదు, వచ్చినా రాళ్ళకి తగిలి ముక్కలైపోతుంది. "ఆ ఒక్కటీ దొరికితే అల్మారా నిండిపోతుందే" అంది అక్క. అంతే అంది. వెళ్ళమని అనలేదు. వెళ్ళొద్దనీ అనలేదు.

ఉల్లంకి బుట్ట తీసుకుని, నీళ్ళు వెనక్కి తీసే ఆటు వేళ చూసుకుని, రాళ్ళ తిప్ప మీదకి వెళ్ళింది. పొగమంచు దిగింది. ఆటు కాస్తా పోటుగా మారింది. మనిషి తిరిగి రాలేదు. మూడో రోజున బుట్ట ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అందులో, తలకి కట్టుకునే గుడ్డలో నాలుగు మడతల మధ్య, ఒక్క గీటైనా పడకుండా ఊదా గుల్ల ఉంది.

అక్క దాన్ని ఖాళీ గుంటలో పెట్టింది. ఆ చీటీ తనే రాసింది, చెల్లెలి పెన్సిల్‌తోనే. నాలుగో వరుస దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. చివరికి చెల్లెలి మాటే రాసింది. తిరిగి అడగడానికైనా వస్తుందేమోనన్న ఆశ కాదంటే అబద్ధం. పదకొండేళ్ళుగా, తాళం వేసే ముందు ఆ అల్మారా దగ్గర నిలబడి "వస్తావుటే?" అని అడిగి మరీ వెళ్ళేది. పిచ్చి అనుకున్నా సరే, ఆవిడకి అదే దీపం పెట్టినట్టు.

ఇలా ఉండగా ఒకనాడు తనిఖీ అధికారి వచ్చాడు. మంచివాడే. లాంచీ ఊపుకి మొహం పాలిపోయి ఉన్నాడు. అన్నీ చూసి, గవ్వల అల్మారా దగ్గర ఆగాడు.

"ఇవన్నీ అరువు అని ఉన్నాయేంటండీ?"

"మా చెల్లెలు తెచ్చినవండీ."

"అయితే ఆవిడని ఓసారి పిలవండి. ఒక్క సంతకం పెడితే సరిపోతుంది."

"లేదండీ."

"ఊళ్ళో లేరా?"

"లేదండీ" అంది మళ్ళీ.

ఆ రెండో మాటకి ఆయనకి అర్థమైంది. నెత్తి మీద టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఏమనుకోకండమ్మా. ఇచ్చినవాళ్ళు లేని అరువు ఇక్కడ ఉంచడానికి రూలు ఒప్పుకోదు. వారసులు మీరేగా? కానుక అని మార్చేయండి. లేకపోతే వీటిని పెట్టెల్లో సర్ది పెద్ద ఊరికి పంపించాలి. అది నాకూ ఇష్టం లేదు. ఒక్క మాటేగా."

ఒక్క మాటేగా అనుకుంది చీటీలక్క కూడా. రెండింటికి లాంచీ బయల్దేరింది. "మంచు దిగేలా ఉందక్కా, పెందలాడే ఇంటికెళ్ళు" అని అరిచి మరీ వెళ్ళాడు లాంచీ అతను. ఆవిడ లోపలికి వచ్చి సిరా కలం తీసింది. పెన్సిల్‌తో రాసిన ప్రతి 'అరువు' మీదా ఒక గీత. పైన 'కానుక'. ఒకటి. రెండు. పది. ముప్పై. చెల్లెలి గుండ్రటి అక్షరాల మీద గీత పడ్డప్పుడల్లా, నిద్రపోతున్న పిల్లని గిల్లినట్టు అనిపించింది. అయినా గీసింది. పెట్టెల్లో పెట్టి ఎక్కడికో పంపడం కన్నా నయం కదా.

ఆఖరిది ఊదా గుల్ల చీటీ. దాని మీదా గీత గీసింది. కానుక అని రాసింది. కలానికి మూత పెట్టి, "కోపం తెచ్చుకోకే" అంది.

అప్పుడు ఆ గదిలో ఎవరో ఊపిరి లోపలికి పీల్చినట్టు అయింది.

ఆవిడ తలెత్తింది. గదిలో ఎవరూ లేరు. కిటికీ అవతల రేవు లేదు, రేవులో పడవలు లేవు, తెల్లటి మంచు అద్దానికి ఆనుకుని నిలబడి ఉంది. గోడ గడియారం చూస్తే నాలుగు కూడా కాలేదు. లైటు వేసింది. పసుపుపచ్చగా వెలిగింది గానీ, ఆ వెలుగు అల్మారా దాటి అవతలికి పోవడం లేదు.

ఆ గదికి ఎప్పుడూ ఒకటే వాసన. కలరా ఉండలు, పాత దూది, ఎండిన ఈకలు. ముప్పై ఏళ్ళలో ఆ వాసన ఆవిడ బట్టలకీ పట్టేసింది. ఇప్పుడు దాని అడుగు నుంచి ఇంకో వాసన మెల్లగా పైకి వస్తోంది. ఎండ ఎన్నడూ తగలని రాళ్ళకి పట్టే నాచు వాసన.

చుక్క పడింది. కాసేపటికి ఇంకో చుక్క.

గోడ చెమ్మ అనుకుని తుడుపుగుడ్డ తీసుకుంది. గోడ పొడిగానే ఉంది. చప్పుడు పక్షుల వైపు నుంచి వస్తోంది. వెళ్ళి చూసింది. కొంగ రెక్క కొస నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎప్పుడో చచ్చి, ముప్పై ఏళ్ళుగా గడ్డి పొట్టతో నిలబడ్డ కొంగ. పక్కన నీటికాకి ఒళ్ళంతా తడిసి ఈకలు అతుక్కుపోయింది. ఆ పక్కన చిన్న ఉల్లంకి పిట్ట... దాని కాళ్ళ కింద చెక్క మీద నీళ్ళు మడుగు కట్టాయి. వేలు ముంచి నాలుకకి తాకించుకుంది. ఉప్పు.

వెనక్కి తిరిగి అల్మారా చూసింది. చీటీల మీద తను రాసిన సిరా కరిగి, నల్లగా కిందకి జారిపోతోంది. నలభై మూడు 'కానుక'లూ పోతున్నాయి. గీతలూ పోతున్నాయి. అడుగున పెన్సిల్ అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అల్మారాకి అవతలి వైపు అద్దం ఆవిరి పట్టింది. ఎవరో దగ్గరగా నిలబడి ఊపిరి విడుస్తున్నట్టు.

"అక్కా..."

భయం వేసిందా అంటే వేసింది. కానీ భయం కన్నా ముందు ఏడుపొచ్చింది.

"వచ్చావా..." అని అటు నడవబోయింది.

"రాకక్కా. అక్కడే ఉండు. ఇటు చూడకు."

"ఎందుకే?"

"చూస్తే ఇంక నీకు ఇదే గుర్తుంటుంది."

అక్క అక్కడే ఆగిపోయింది. అల్మారా కాళ్ళ సందులోంచి అవతలి నేల కనిపిస్తోంది. నీళ్ళు కనిపిస్తున్నాయి. చూపు అక్కడి నుంచి లాక్కుని కళ్ళు మూసుకుంది.

"పదకొండేళ్ళు పిలిచానే. ఒక్కసారి పలకలేదు. ఇవాళ ఓ మాట కొట్టేస్తే వచ్చావా?"

"అరువు అని ఉన్నన్నాళ్ళూ ఊరుకున్నారక్కా. కానుక అంటే ఒప్పుకోరు. ఇప్పుడు... తిరిగి అడుగుతున్నారు."

"ఎవరు?"

చుక్క పడింది. ఇంకో చుక్క.

"ఎవరే అడుగుతున్నది?"

"గట్టిగా మాట్లాడకక్కా" అంది చెల్లెలు. ఆ గొంతులో వణుకు ఉంది. చచ్చినవాళ్ళు కూడా భయపడతారని ఆవిడకి అప్పుడే తెలిసింది. "అన్నీ ఇచ్చెయ్యి. ఇచ్చేస్తే నన్ను పడుకోనిస్తామన్నారు."

"ఇన్నాళ్ళూ... పడుకోలేదుటే నువ్వు?"

"లేదక్కా."

చిన్నప్పుడు ఉరిమితే ఆ పిల్లకి నిద్ర పట్టేది కాదు. అక్క ఒళ్ళో పడుకోబెట్టుకుని వీపు మీద తడుతుండేది, ఒక్కోసారి తెల్లారేదాకా. అక్క ఇంకేం అడగలేదు. అల్మారా తలుపు తెరిచింది, అవతలి తలుపు దానంతటదే తెరుచుకుంది. మొదటి గవ్వ తీసి, కళ్ళు మూసుకునే అవతలికి చాపింది. ఏవో వేళ్ళు అందుకున్నాయి. చల్లగా ఉన్నాయి. మెత్తగా ఉన్నాయి, నీళ్ళలో చాలాసేపు నానబెట్టినట్టు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఉత్తరపు ఇసక" అంది చెల్లెలు గవ్వ తడిమి. "నాకు తొమ్మిదేళ్ళు. కాలికి గాజుపెంకు గుచ్చుకుంది."

"నేనేగా తీసింది. ఊరంతా వినపడేలా ఏడ్చావు."

రెండోది ఇచ్చింది. "పాత దీపస్తంభం కింద. పీత కరిచింది."

"నిన్ను కాదు, నన్ను."

అవతల చిన్న నవ్వు. ఆ నవ్వు తేడా లేకుండా పాతదే. అలా ఒక్కొక్కటే ఇస్తుంటే, ఒక్కొక్క చోటూ చెబుతుంటే, ఆ మంచులో, ఆ నాచు వాసనలో, ఇద్దరూ కాసేపు వెనకటి అక్కాచెల్లెళ్ళే అయిపోయారు. ఇరవై ఇచ్చింది. ముప్పై ఇచ్చింది. నలభై రెండు అయ్యాయి.

"అన్నీ ఇచ్చేస్తే..." అంది అక్క. "మళ్ళీ వస్తావుటే?"

అవతల చేతుల్లోని గవ్వలు ఒకదానికొకటి రాసుకున్నాయి.

"రానక్కా. పడుకుంటాగా."

ఊదా గుల్ల ఆవిడ అరచేతిలో ఉంది. బరువే లేదు దానికి. ఇచ్చేయాలని ఆవిడకి తెలుసు. అరువు సొమ్ము, తిరిగి అడిగారు, మారుమాట్లాడకూడదు. జీవితమంతా అదే రూలు మీద బతికిన మనిషి. కానీ పదకొండేళ్ళకి ఒక్కసారి విన్న గొంతు, అది ఇంక వినపడదంటే... మనం ఆ చోట ఉంటే ఏం చేసేవాళ్ళమో మనకీ తెలీదు. ఆవిడ కళ్ళజోడు పెట్టె చప్పుడు కాకుండా తెరిచి, గుల్లని లోపల పెట్టి మూసేసింది.

"ఊదాది పగిలిపోయిందే. ఎప్పుడో... తుడుస్తుంటే."

"అక్కా. అబద్ధమాడితే నీ గొంతు సన్నబడుతుంది."

"పగిలిపోయిందన్నానుగా."

చుక్కల చప్పుడు ఆగిపోయింది. దానికే ఎక్కువ భయం వేసింది. తరవాత అల్మారా అవతల గుసగుసలు... చెల్లెలు మాట్లాడుతోంది. తనతో కాదు. ఇంకెవరితోనో. బతిమాలుతోంది. "వద్దు... అది కాదు... అది మాత్రం వద్దు..." మధ్యమధ్యలో ఆగుతోంది, జవాబు వింటున్నట్టు. ఆ జవాబు మాత్రం అక్కకి వినపడలేదు. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి, అంతే.

"అక్కా." ఈసారి గొంతు దగ్గరగా వచ్చింది. అల్మారాకి ఇటువైపు నుంచి. "ఊదా గుల్ల గుంటకి బదులు ఏదో ఒకటి చూపించాలట."

"నా దగ్గరేం ఉందే ఇవ్వడానికి?"

చెల్లెలు ఏడుస్తోంది. "కాసేపు కదలకుండా నిలబడక్కా."

నిలబడింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. కుడి చీలమండ దగ్గర చల్లగా ఏదో తాకింది. నేల మీద నీళ్ళు అక్కడిదాకా వచ్చాయనుకుంది.

కళ్ళు తెరిచేసరికి మంచు విడిపోతోంది. రేవులో దీపాలు వెలిగాయి. గది ఖాళీ. అల్మారా ఖాళీ. కళ్ళజోడు పెట్టె మాత్రం గుప్పిట్లో ఉంది. దాన్ని గుండెకి అదుముకుని, చెప్పకూడదు గానీ, ఆవిడ నవ్వుకుంది. దాని సొమ్ము నా దగ్గరుంది, మళ్ళీ రాక ఎక్కడికి పోతుందనుకుంది.

ఇంటికెళ్ళి, తడి బట్టలతోనే దుప్పటి మీదకి లాక్కుని పడుకుంది. పడుకున్నాక గానీ ఆ మాట గుచ్చుకోలేదు. లేదక్కా. ఇన్నాళ్ళూ పడుకోలేదు. ఇంకొక్క గుల్ల ఇచ్చుంటే ఇవాళ పడుకునేది. తన చేతుల్లో పెరిగిన పిల్ల నిద్ర తనే దొంగిలించింది. ఇంతకన్నా పాపం ఉంటుందా? ఆవిడకి కన్ను మూతపడలేదు. తెలతెలవారుతుండగా లేచి, చెప్పులైనా వేసుకోకుండా రాళ్ళ తిప్పకి పరిగెత్తింది.

ఆటు సమయం. నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. మోకాలి లోతుకి దిగి, గుల్లని నీళ్ళ మీద వదిలింది.

"తీసుకోవే. నాదే తప్పు. తీసుకుని పడుకో తల్లీ."

గుల్ల తేలింది. కొంచెం దూరం పోయింది. ఒక చిన్న అల దాన్ని తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ తెచ్చింది. ఈసారి బలంకొద్దీ విసిరింది. అది పగలలేదు, మునగలేదు, తిన్నగా ఆవిడ దగ్గరికే వచ్చి ఆగింది. ఇక అక్కర్లేదన్నట్టు.

రాత్రే తిరిగొచ్చిన లాంచీ అతను ఒడ్డు మీద నిలబడి చూస్తున్నాడు. "ఏంటక్కా, పొద్దున్నే నీళ్ళల్లో?" అంటూ దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని పొడి రాయి మీద కూర్చోబెట్టాడు. ఆవిడ కాళ్ళ వైపు చూసి ఫక్కున నవ్వాడు. "చూశావా, ముప్పై ఏళ్ళుగా నేను చెబుతూనే ఉన్నా! ఆఖరికి నీకు నువ్వే కట్టుకున్నావా?"

ఆవిడ కిందకి చూసుకుంది. కుడి కాలికి, చీలమండ పైన చీటీ ఉంది. రెండు చుట్లు తిప్పి, కొస వెనక్కి దూర్చి లాగిన ముడి. రాత పెన్సిల్‌ది. నీళ్ళకి చెక్కుచెదరలేదు.

పేరు: అక్క. దొరికిన చోటు: జీవాల గది. తెచ్చినవారు: ఉల్లంకి.

ఆ మూడు వరుసలూ చెల్లెలి గుండ్రటి అక్షరాలే. నాలుగో వరుసలో కానుక అని ఉంది. ఆ ఒక్క మాటా చెల్లెలి రాత కాదు. ముప్పై ఏళ్ళుగా ఊరందరి చేతిరాతలూ చూసిన మనిషి, అలాంటి రాత ఎక్కడా చూడలేదు. దాని మీద ఒక గీత ఉంది. కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి కొట్టేసిన గీత. పైన, అవే గుండ్రటి అక్షరాల్లో, చెల్లెలు రాసింది: అరువు.

"నవ్వులాటకన్నాలే అక్కా. ఏడవకు. ఉండు, చాకు ఉంది, కోసేస్తా" అంటున్నాడు లాంచీ అతను.

"వద్దు. చెల్లెలు రాసినది, ఉండనీ" అంది ఆవిడ.

నీళ్ళు అప్పుడే మళ్ళీ పైకి రావడం మొదలైంది. ఆవిడ చీటీని వెలుతురుకి తిప్పి ఇంకోసారి చూసుకుంది. అరువు అన్న మాటలో మొదటి అక్షరం మీద ఇంకెవరో ఇంకో గీత మొదలుపెట్టి, సగంలో ఆపారు.